తెర మీద 20 రోజులు... నేల మీద ఆరు నెలలు

ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్ పరీక్షలకు సిద్ధపడే యువతకు సరిహద్దు రహదారి నేర్పే పాఠం

మరైగూడ (బస్తర్): తెలంగాణ సరిహద్దును ఆనుకుని, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లా కోంటా బ్లాకులో ఉన్న మరైగూడ పేరు సాధారణంగా రెండు సందర్భాల్లోనే పత్రికలకెక్కుతుంది. ఒకటి భద్రతా దళాల కదలికలు, రెండవది రహదారి పనులు. కంప్యూటర్ సర్టిఫికెట్ పరీక్షల ప్రస్తావన వచ్చినపుడు ఎవరికైనా హైదరాబాద్‌లోని అమీర్‌పేట గుర్తుకు వస్తుందే తప్ప, శబరి పరీవాహక ప్రాంతంలోని ఈ అటవీ గ్రామం కాదు. అయితే ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్ పరీక్షకు సిద్ధమయ్యే అభ్యర్థి తెలుసుకోవలసిన అసలు పాఠం శిక్షణ సంస్థ గదిలో కన్నా ఇక్కడి రోడ్డు మీదే స్పష్టంగా కనిపిస్తుంది. వేళకు పూర్తికాని కల్వర్టు ఒకటి వైద్యానికి భద్రాచలం వెళ్లవలసిన మనిషిని ఎన్ని నెలలు ఆపివేయగలదో ఇక్కడివారికి వేరే చెప్పనవసరం లేదు.

నిర్మాణ రంగంలోనూ, సాఫ్ట్‌వేర్ రంగంలోనూ ఈ సర్టిఫికెట్లకు గిరాకీ ఉన్న మాట వాస్తవం. గల్ఫ్ దేశాలకు వెళ్లే తెలుగు సివిల్ ఇంజనీర్లకు ‘ప్రైమావెరా తెలిసి ఉండాలి’ అన్న షరతు సుపరిచితమే. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనుల పంపకానికి ‘జిరా’ వాడుక సర్వసాధారణం. కాగా, సర్టిఫికెట్ కోసం మెనూలను బట్టీ పట్టడం వేరు, పనిని లెక్కగట్టడం నేర్చుకోవడం వేరు. ఈ తేడాను గుర్తించనివారు డబ్బును, కాలాన్ని రెండింటినీ కోల్పోయే ప్రమాదం ఉంది.

యుద్ధనౌకల నుంచి ఊరి రోడ్డు దాకా

ఈ సాఫ్ట్‌వేర్లన్నిటికీ మూలమైన గణితం 1950 దశకం చివరి నాటిది. అమెరికాలోని డ్యూపాంట్ రసాయన కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ 1957 ప్రాంతంలో ‘క్రిటికల్ పాత్’ పద్ధతిని రూపొందించారు. ఇంచుమించు అదే కాలంలో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం ‘పెర్ట్’ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఏ పని తరువాత ఏ పని జరగాలో వరుస కట్టి, వాటిలో ఏది ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టు ఆలస్యమవుతుందో తేల్చి చెప్పడమే ఈ రెండింటి సారాంశం.

ఆనాడు పెద్ద కంప్యూటర్లకే పరిమితమైన ఈ లెక్క 1980 దశకంలో బల్లమీది కంప్యూటర్‌కు దిగివచ్చింది. ప్రైమావెరా సిస్టమ్స్ 1983లో ప్రారంభమైంది. దానిని 2008లో ఒరాకిల్ సంస్థ కొనుగోలు చేసింది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ తొలి రూపం 1984లో వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ సంస్థ 2002లో జిరాను విడుదల చేసింది. మన దేశంలో 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన పనుల వివరాలను నమోదు చేయడానికి సి-డాక్ సంస్థ ‘ఓమాస్’ అనే ప్రత్యేక వ్యవస్థను తయారుచేసింది. అంటే మారుమూల పల్లెకు వేసే రోడ్డు కూడా ఎక్కడో ఒక తెర మీద ఒక వరుసగా నమోదై ఉంటుందన్నమాట.

తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం కేంద్ర మంత్రివర్గం 2016 డిసెంబరులో ఒక ప్రత్యేక రహదారి పథకాన్ని ఆమోదించింది. దేశంలోని 44 జిల్లాల్లో 5,412 కిలోమీటర్ల రోడ్లు, 126 వంతెనలు నిర్మించడం దీని లక్ష్యం. అంచనా వ్యయం సుమారు 11,725 కోట్ల రూపాయలు. అటువంటి పథకం తెర మీద పట్టికలా కనిపిస్తుంది. సుక్మా నేల మీద దాని స్వరూపమే వేరు. 2017 మార్చి 11న భెజ్జి సమీపంలో రోడ్డు పనులకు రక్షణగా వెళ్లిన 12 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద, దోర్నపాల్-జగర్గుండ రోడ్డు నిర్మాణానికి కాపలా కాస్తున్న 25 మంది బలైపోయారు. పని కాలపట్టికలో ఇవి ‘అంతరాయం’ అన్న ఒక్క మాటకు కుదించుకుపోతాయి. ప్రణాళిక వేసే వ్యక్తి తాను రాసే ప్రతి అంకె వెనుక మనుషులున్నారని గుర్తుంచుకోవడానికి ఇంతకన్నా నిదర్శనం అవసరం లేదు.

కాగితం మీద ఒక రోడ్డు

పరీక్షకు సిద్ధమయ్యేవారు మొదట కంప్యూటర్‌ను పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితం తీసుకోవడం మేలు. ఉదాహరణకు మరైగూడ వంటి గ్రామానికి, మధ్యలో ఒక కల్వర్టుతో కూడిన చిన్న రోడ్డు వేయాలనుకుందాం. అంకెలు కేవలం అభ్యాసానికి ఉద్దేశించినవి.

సర్వే, హద్దుల గుర్తింపునకు 10 రోజులు. అది పూర్తయ్యాక రెండు పనులు ఏకకాలంలో మొదలవుతాయి. ఒకటి మట్టికట్ట, దానికి 40 రోజులు. రెండవది కల్వర్టు, దానికి 60 రోజులు. ఈ రెండూ పూర్తయితేనే కంకర పొరలు వేయాలి, అందుకు 30 రోజులు. చివరగా తారు పని, 15 రోజులు.

మట్టికట్ట మార్గంలో లెక్కిస్తే మొత్తం 95 రోజులు. కల్వర్టు మార్గంలో లెక్కిస్తే 115 రోజులు. పొడవైన మార్గమే ప్రాజెక్టు కాలాన్ని నిర్ణయిస్తుంది. అదే క్రిటికల్ పాత్. మట్టికట్ట పని 20 రోజులు జాప్యమైనా రోడ్డు ఆగదు. ఈ 20 రోజుల వెసులుబాటునే ‘ఫ్లోట్’ అంటారు. కల్వర్టుకు మాత్రం ఒక్క రోజు వెసులుబాటు కూడా లేదు. మేస్త్రీ ఎక్కడ నిలబడి పని చేయించాలో, సిమెంటు లారీ ముందుగా ఎటు వెళ్లాలో ఈ చిన్న లెక్క చెప్పేస్తుంది.

ఇంతవరకు పుస్తక జ్ఞానం. అసలు పరీక్ష ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఆదివారాలు సహా ప్రతి రోజూ పని జరుగుతుందని భావించి, ఫిబ్రవరి 1న పని ప్రారంభిస్తే 115వ రోజు మే 26 అవుతుంది. అంటే వానలకు ముందే రోడ్డు పూర్తి. కల్వర్టు 20 రోజులు ఆలస్యమైందనుకుందాం. అనుభవం లేని అభ్యర్థి ముగింపు తేదీని 20 రోజులు జరిపి జూన్ 15 అని రాస్తాడు. తెర కూడా అదే చూపిస్తుంది. కాని ఆ లెక్క ప్రకారం తారు పని జూన్ 1న మొదలు కావాలి. బస్తర్ అడవుల్లో వాన పడుతుండగా తారు వేయడం సాధ్యం కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా తారు పనికి సెలవు అనుకుంటే, ఆ పని నవంబరు 1న మొదలై 15న ముగుస్తుంది. కల్వర్టు వద్ద జరిగిన 20 రోజుల ఆలస్యం రోడ్డు వద్ద 173 రోజులైంది. ఇంచుమించు ఆరు నెలలు.

సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. వానకాలం ఉంటుందని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే. ప్రైమావెరాలోను, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లోను ఒక్కొక్క పనికి విడివిడిగా క్యాలెండర్ ఇచ్చే వీలుంది. తారు పనికి వేరే క్యాలెండర్ కట్టి, అందులో వానకాలాన్ని మూసివేస్తే ఈ ప్రమాదం ఫిబ్రవరిలోనే బయటపడుతుంది. అప్పుడు కల్వర్టుకు అదనంగా కూలీలను పెట్టాలా, ముందే సామగ్రి చేరవేయాలా అన్న నిర్ణయం వేళకు తీసుకోవచ్చు.

మరొక ఉచ్చు కూడా ఇక్కడే ఉంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ముందుగా అమర్చి ఉండే సాధారణ క్యాలెండర్ సోమవారం నుంచి శుక్రవారం వరకు, రోజుకు ఎనిమిది గంటల పనిని మాత్రమే లెక్కిస్తుంది. దానిని మార్చకుండా పై అంకెలు ఇస్తే 115 రోజుల పని 23 వారాలకు సాగుతుంది. ఫిబ్రవరి 1 సోమవారమైన ఏడాదిలో ముగింపు జూలై 9 అని తెర చూపుతుంది. ఒకే పని, ఒకే అంకెలు, మూడు వేర్వేరు తేదీలు. వీటిలో ఏది నిజమో చెప్పగలిగినవాడే పరీక్షకు సిద్ధమైనట్టు.

వరుస తప్పితే ఏమవుతుంది?

పనుల మధ్య సంబంధాలు నాలుగు రకాలని ఈ పరీక్షలు బోధిస్తాయి. ఒకటి ముగిశాక మరొకటి మొదలు కావడం, రెండూ కలిసి మొదలు కావడం, రెండూ కలిసి ముగియడం, ఒకటి మొదలైతేనే మరొకటి ముగియడం. అభ్యర్థులు వీటిని సంక్షిప్త అక్షరాలతో బట్టీ పడతారు. వాటి బరువెంతో తెలుసుకోవాలంటే గోదావరి దిగువకు వెళ్లి పోలవరం చూడాలి.

కోంటా పరిసరాల ముంపు విషయమై ఛత్తీస్‌గఢ్ చాలాకాలంగా అభ్యంతరం చెబుతున్న ప్రాజెక్టు అది. అక్కడ ప్రధాన డ్యామ్ పునాదిలో నీటి ఊటను అడ్డుకునే డయాఫ్రమ్ వాల్ నిర్మాణం 2018లో పూర్తయింది. నదిని మళ్లించే కాఫర్ డ్యామ్‌లు అప్పటికి పూర్తికాలేదు. 2019, 2020 వరదలకు నదీగర్భం కోసుకుపోయి గోడ దెబ్బతింది. విదేశీ నిపుణుల బృందం పరిశీలన అనంతరం కొత్త గోడ నిర్మించాలని నిర్ణయించారు. ఆ పని 2025 జనవరిలో మొదలైంది. బాధ్యత ఎవరిదన్న రాజకీయ వివాదాన్ని అలా ఉంచితే, ప్రణాళికా శాస్త్రం నేర్చుకునేవారికి ఇందులోని పాఠం సూటిగా ఉంది. రెండు పనుల మధ్య గీసే ఒక్క గీత, వాటి నడుమ వచ్చే ఒక వరద కాలం, కొన్నేళ్ల కాలాన్ని శాసించగలవు.

అధికారులు ముందుగానే ప్రకటించే ప్రారంభోత్సవ తేదీల సంగతీ ఇటువంటిదే. ‘ఫలానా రోజున పూర్తి కావలసిందే’ అని సాఫ్ట్‌వేర్‌లో తేదీని బిగించినంత మాత్రాన పని పూర్తికాదు. పై ఉదాహరణలో మే 26ను బిగించి ఉంచి, కల్వర్టు 20 రోజులు ఆలస్యమైతే ఫ్లోట్ ‘మైనస్ 20’ అని కనిపిస్తుంది. ఇది తప్పు కాదు, హెచ్చరిక. దీనిని చూసి గీతలను తెంచి తేదీలను సరిచేసేవారు పరీక్షలో ఒక మార్కు కోల్పోతారు, ఉద్యోగంలో విశ్వాసం కోల్పోతారు. మొదటి అంచనాను ‘బేస్‌లైన్’గా భద్రపరచి, వాస్తవాన్ని దాని పక్కన చూపించడమే సరైన పద్ధతి.

మిగులు కనిపించే నష్టం

అభ్యర్థులు ఎక్కువగా తడబడే మరో అంశం ‘ఎర్న్‌డ్ వాల్యూ’. కోటి రూపాయల రోడ్డు పనిలో ఈరోజుకు సగం, అంటే 50 లక్షల విలువైన పని జరగాలని ప్రణాళిక ఉందనుకుందాం. నిజానికి జరిగింది 40 లక్షల విలువైన పని. ఖర్చయింది 45 లక్షలు. మామూలు జమాఖర్చు చూసేవారికి 50 లక్షలకు 45 లక్షలే ఖర్చయి, 5 లక్షలు ఆదా అయినట్లు కనిపిస్తుంది. వాస్తవంలో 40 లక్షల పనికి 45 లక్షలు పోశారు, కనుక 5 లక్షలు అధికం. 50కి 40 కాబట్టి కాలం రీత్యా సూచిక 0.8. 45కు 40 కాబట్టి ఖర్చు రీత్యా సూచిక సుమారు 0.89. రెండూ ఒకటి కన్నా తక్కువే. అంటే పని వెనుకబడింది, ఖర్చు మించిపోయింది. ఆదా అన్న మాట కాగితం మీది భ్రమ మాత్రమే. ప్రభుత్వ పనుల మీద వేసే ప్రశ్నలకు ఈ లెక్క తెలిసిన పౌరుడు కూడా సమర్థుడే.

ఏ పరీక్ష, ఎవరికి?

సర్టిఫికెట్లు రెండు రకాలు. ఒక సాఫ్ట్‌వేర్‌ను నిర్వహించే నైపుణ్యానికి ఆ కంపెనీలే ఇచ్చేవి మొదటి రకం. ఒరాకిల్, అట్లాసియన్ పరీక్షలు ఈ కోవలోవి. ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌కూ పరిమితం కాకుండా ప్రాజెక్టు నిర్వహణ పరిజ్ఞానాన్ని పరీక్షించేవి రెండవ రకం. అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి ఇస్తున్న పి.ఎం.పి. వీటిలో ప్రసిద్ధమైనది. 2021 జనవరిలో అమలులోకి వచ్చిన పద్ధతిలో దీనికి 180 ప్రశ్నలు, 230 నిమిషాల వ్యవధి నిర్ణయించారు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి మూడేళ్ల ప్రాజెక్టు అనుభవం, 35 గంటల శిక్షణ ఉండాలన్నది నిబంధన. అనుభవం లేని కొత్తవారి కోసం అదే సంస్థ సి.ఎ.పి.ఎం. అనే ప్రవేశ స్థాయి పరీక్షను నిర్వహిస్తోంది. ఈ సంస్థకు హైదరాబాద్‌లో ‘పెర్ల్ సిటీ’ పేరుతో శాఖ ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సాఫ్ట్‌వేర్ మారినంత వేగంగా పరీక్షలూ మారుతున్నాయి. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ 2013 కోసం ఒకప్పుడు ప్రత్యేక పరీక్ష ఉండేది, దానిని తరువాత ఉపసంహరించారు. అదే కంపెనీ ‘ప్రాజెక్ట్ ఆన్‌లైన్’ సేవను 2026 సెప్టెంబరుతో ముగించనున్నట్లు 2025లో ప్రకటించింది. జిరాను సొంత కంప్యూటర్లలో నడుపుకునే ‘సర్వర్’ రూపానికి 2024 ఫిబ్రవరితో మద్దతు నిలిచిపోయింది. కాలం చెల్లిన పరీక్షకు పాత పుస్తకాలతో శిక్షణ ఇస్తామని పిలిచేవారుంటే నష్టపోయేది దూరప్రాంతం నుంచి అప్పు చేసి వచ్చిన విద్యార్థే. రుసుము చెల్లించే ముందు ఆ పరీక్ష ఇంకా అమలులో ఉందో లేదో, పాఠ్యాంశాలు ఏమిటో నిర్వహించే సంస్థ అధికారిక ప్రకటనలోనే చూసుకోవాలి.

‘డంప్స్’ పేరుతో అమ్మే ప్రశ్నల కట్టల విషయంలో మరింత అప్రమత్తత అవసరం. ప్రశ్నలను బయటపెట్టబోమని ప్రతి అభ్యర్థి పరీక్షకు ముందు అంగీకరిస్తాడు. ఉల్లంఘించినట్లు తేలితే ఫలితాన్ని రద్దు చేసే అధికారం ఆ సంస్థలకు ఉంటుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. జవాబులు తెలిసి, పని తెలియని ఇంజనీరు చేతిలోకి వెళ్లేది ఏదో ఒక ఊరి కల్వర్టే.

ఎనిమిది వారాల ప్రణాళిక

ప్రాజెక్టు నిర్వహణ పరీక్షకు చదువు కూడా ఒక ప్రాజెక్టే. రోజుకు రెండు గంటలు కేటాయించగలిగినవారు ఎనిమిది వారాల పట్టికను వేసుకోవచ్చు. మొదటి రెండు వారాలు కంప్యూటర్ ముట్టకుండా, తెలిసిన ఒక పనిని ముక్కలుగా విడదీసి, వరుస కట్టి, క్రిటికల్ పాత్‌ను చేత్తో లెక్కించాలి. ఇల్లు కట్టడం, చెరువు పూడిక తీయడం, జాతర ఏర్పాట్లు ఏవైనా పనికివస్తాయి. తరువాతి రెండు వారాల్లో అదే పనిని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, చేతిలెక్కతో సరిపోల్చాలి. తేడా వస్తే కారణం దాదాపుగా క్యాలెండర్‌లోనే దొరుకుతుంది. అయిదు, ఆరు వారాలు బేస్‌లైన్, మనుషులు-యంత్రాల కేటాయింపు, ఎర్న్‌డ్ వాల్యూలకు. చివరి రెండు వారాలు గడియారం పెట్టుకుని నమూనా పరీక్షలు రాసి, తప్పిన ప్రతి ప్రశ్నకు కారణాన్ని ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేనివారు నిరుత్సాహపడనవసరం లేదు. ‘ప్రాజెక్ట్‌లిబ్రే’, ‘గాంట్‌ప్రాజెక్ట్’ వంటివి ఉచితంగా లభిస్తున్నాయి. మెనూలు వేరైనా లెక్క ఒకటే. ఈ పరీక్షలకు తెలుగు ప్రశ్నపత్రం లేదు గనుక తెలుగు మాధ్యమంలో చదివినవారు ఒక్కొక్క పారిభాషిక పదాన్ని తమ మాటల్లో, తమ ఊరి ఉదాహరణతో రాసుకుంటే అర్థం నిలుస్తుంది.

అందని ద్రాక్ష కాకూడదు

చదువు సంగతి ఇలా ఉండగా, పరీక్ష రాసే అవకాశం మరో సమస్య. పరీక్ష రుసుములు సామాన్య కుటుంబానికి భారమే. ఇంటి నుంచి రాసే సదుపాయం ఉన్నప్పటికీ దానికి ఏకాంతమైన గది, కెమెరా ఉన్న కంప్యూటర్, తెగిపోని ఇంటర్నెట్, నిలకడైన విద్యుత్తు కావాలి. అటవీ గ్రామాల్లో ఈ నాలుగూ ఒకేసారి సమకూరడం కష్టసాధ్యం. అందువల్ల హైదరాబాద్ వంటి నగరంలోని కేంద్రానికి ఒకరోజు ముందే చేరుకోవడం శ్రేయస్కరం. ప్రయాణాన్ని కూడా పట్టికలో ఒక పనిగా చేర్చి, వానకాలాన్ని తప్పించి తేదీ ఎంచుకోవడం ఈ శాస్త్రం నేర్పే తొలి వివేకం.

ప్రభుత్వాలు చేయగలిగినదీ ఉంది. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణ రంగంలో యువతకు వృత్తి శిక్షణ ఇస్తోంది. బస్తర్ ప్రాంతంలోనూ వృత్తి శిక్షణ కళాశాలలు ఉన్నాయి. మేస్త్రీ పని, విద్యుత్ పనులతోపాటు పనుల ప్రణాళిక, నమోదు, పర్యవేక్షణలను కూడా పాఠ్యాంశంగా చేర్చితే, రోడ్డు పనికి స్థానిక యువకులు కూలీలుగానే మిగిలిపోరు. ఏ వాగు ఏ నెలలో పొంగుతుందో, ఏ సంత రోజున కూలీలు దొరకరో, ఏ దారిన లారీ దిగబడుతుందో వారికి తెలిసినంతగా దూరాన కార్యాలయంలో కూర్చున్న ప్లానింగ్ ఇంజనీరుకు తెలియదు. ప్రణాళికకు కావలసిన ముడిసరుకు వారి వద్దే ఉంది. లేనిది దానిని పట్టికలో పెట్టే పద్ధతి మాత్రమే.

సర్టిఫికెట్ ఉద్యోగానికి తలుపు తెరవవచ్చు. లోపలికి వెళ్లాక నిలబెట్టేది తారు పనికి వానకాలాన్ని మూసివేసిన క్యాలెండరే. ఆ ఒక్క గడి నింపడం మరచిపోతే, తెర మీద 20 రోజులుగా కనిపించిన ఆలస్యాన్ని ఊరు ఆరు నెలలపాటు బురదలో నడిచి తీర్చుకోవలసి ఉంటుంది.